వెనకగది ఫ్యాను

జగ్గయ్యపేట నుంచి కారులో విజయవాడ వచ్చి, నిన్న మధ్యాహ్నం జలంధర్ వెళ్ళే బండెక్కింది కనకవల్లి. అన్నగారింట్లో ఇరవై మూడేళ్ళు గడిపిన ఆ మనిషికి ఇది మొదటి ఉద్యోగం, మొదటి ఒంటరి ప్రయాణం. పొద్దున భోపాల్ దాటాక మేనకోడలు మైథిలికి ఫోన్ చేసింది.

"అవన్నీ తర్వాత. నిన్న నేను బయల్దేరేటప్పుడు ఎక్కడికి పోయావు? ముందది చెప్పు."

"టిఫిన్ తిన్నావా అత్తా?"

"తిన్నా. ఎక్కడికి పోయావు?"

"ఎక్కడికీ పోలేదు, అప్పుడు స్నానం చేస్తున్నా. రాత్రి నిద్ర పట్టిందా?"

"నిద్రా పాడా! నాగపూర్‌లో ఎవరో ఎక్కి హిందీలో ఏదో అడిగారు. తలూపా. ఏం ఒప్పుకున్నానో ఏమో, పొద్దున లేచేసరికి నా కాళ్ళ దగ్గర వాళ్ళ పిల్ల పడుకునుంది."

"పోనీలే, తోడు దొరికింది."

"తోడు! వరంగల్‌లో టీ అమ్మినతను దిగిపోయాక నాతో తెలుగు మాట్లాడిన మనిషి లేడు. విజయవాడలో బండి కదిలేటప్పుడు ప్రతి కిటికీ దగ్గరా ఎవరో ఒకరున్నారే. అందరూ చేతులూపుతున్నారు. నేనూ ఊపా."

"నాన్నకా?"

"మీ నాన్న సామాను సర్దేసి, కారువాడు ఆగట్లేదని అప్పుడే వెళ్ళిపోయాడు. పక్క కిటికీ వాళ్ళ చుట్టాలకి ఊపా. వాళ్ళూ ఊపారు, మంచివాళ్ళు."

"అత్తా..."

"జవాబు చెప్పు. ఎత్తుకుని పెంచా నిన్ను. ప్రసాద్ పోయి నువ్వు పుట్టింటికొచ్చిన ఈ ఎనిమిది నెలలూ నా పక్కనే పడుకున్నావు. అలాంటిది, నేను గడప దాటుతుంటే వీధిలోకన్నా రాలేదు. నందిగామ దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నా, స్కూటీ వేసుకుని వస్తావేమోనని. కంచికచర్ల వచ్చాక మానేసా."

"తలనొప్పిగా ఉంటే పడుకున్నా."

"ఇందాక స్నానం చేస్తున్నానన్నావు."

"రెండూను."

"రెండూ ఎలాగే? సర్లే. నేనొకటి అనుకున్నా. ఝాన్సీలో దిగిపోతా."

"ఏంటీ?"

"మధ్యాహ్నానికి ఝాన్సీ వస్తుందిట. దిగి, వెనక్కొచ్చే బండెక్కుతా."

"నీకేమన్నా పిచ్చా? అక్కడ మెస్సులో నీకోసం చూస్తుంటారు."

"చూస్తారు. నూట ఇరవై మంది కాలేజీ పిల్లలు, అందరూ మన తెలుగువాళ్ళే. సాంబారు కోసం మొహం వాచిపోయున్నారుట. ఆ మెస్సు నడిపే సూసన్ గారూ మన కంచికచర్లావిడే. వండలేక కాదే. నలభై ఎనిమిదేళ్ళొచ్చాక కొత్త ఊళ్ళో ఎవరున్నారని? మీ అమ్మా నాన్నా సరే. నువ్వు కూడా రాలేదు చూడు, అక్కడ మనసు విరిగింది నాకు."

"దిగకత్తా. ఎంత ధైర్యంగా వెళ్ళావు!"

"ధైర్యమా! నిన్న ఏం చేసానో తెలుసా? కారొచ్చి హారన్ కొట్టిందా, గబగబా లేచి వెనకగదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నా."

"వెనకగదిలోకా?"

"నవ్వవేమే? బయల్దేరేది నేనే! ఇంట్లో ఎవరు బయల్దేరినా నా మొహం ఎదురు రాకూడదు కదా. మీ మావయ్య పోయాక మొదటిసారి మీ అమ్మ చెప్పింది, 'ఒక్క నిమిషం లోపలుండు వల్లీ' అని. తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరన్నా చెప్పులేసుకుంటున్న చప్పుడు వినపడితే చాలు, నా కాళ్ళు వాటంతటవే ఆ గదిలోకి పోయేవి. నిన్న మీ నాన్నొచ్చి, 'టికెట్ నీ పేర్న ఉందే తల్లీ, లే' అంటే అప్పుడు తెలివొచ్చింది."

"తర్వాత అమ్మ ఎదురొచ్చిందిగా."

"ఆఁ, నీళ్ళ బిందె పట్టుకుని. నీకెలా తెలుసు? తలనొప్పన్నావు?"

"అమ్మే చెప్పింది."

"అదేమిటా చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"టక్కు టక్కుమని."

"బండి చప్పుడేమో. నీ వైపుదే."

"నా వైపుది కాదు. ఎక్కడున్నావు నువ్వు?"

"హాల్లో."

"హాల్లో ఫ్యాను కొత్తది, చప్పుడు చెయ్యదు. అది వెనకగది ఫ్యాను. ఇన్నేళ్ళు దాని కింద పడుకున్నా, నాకు తెలీదా?"

"బట్టలు మడతపెడదామని వచ్చా."

"ఇంట్లో ఎవరు బయల్దేరుతున్నారు?"

"ఎవరూ లేదు."

"మైథిలీ."

"తమ్ముడు. నందిగామలో పిల్లని చూడ్డానికి. అమ్మా నాన్నా కూడా వెళ్తున్నారు. ఇంకో ఐదు నిమిషాలు, అంతే."

"నిన్ను లోపల కూర్చోమంది ఎవరు?"

"ఎవరూ కూర్చోమనలేదు. అమ్మ 'ఒక్క నిమిషం' అంది. నేనే వచ్చా."

"నిన్న?"

"వదిలెయ్యత్తా."

"నిన్న నేను బయల్దేరేటప్పుడు ఎక్కడున్నావు?"

"ఈ గదిలోకే వచ్చా. తలుపు తోస్తే నువ్వు అటు తిరిగి కూర్చునున్నావు. ఇంకెక్కడికి పోవాలో తెలీక పెరట్లోకి పోయా. తలుపు సందులోంచి అమ్మ చేతిలో బిందె కనపడింది. నువ్వు కనపడలేదు. హలో? అత్తా? సిగ్నల్ పోయిందా?"

"ఉన్నా."

"ఏడుస్తున్నావా?"

"నాకు తట్టనే లేదే. ఎవరికి తట్టకపోయినా నాకు తట్టద్దూ? ఆ గదిలో కూర్చుని కూర్చుని ముసలిదాన్నవుతున్నా, నువ్వెందుకు రాలేదో తట్టలేదు. నిన్ను తిట్టుకుంటూ మూడు రాష్ట్రాలు దాటొచ్చా."

"పర్లేదత్తా."

"అలా అనకు. మొదట్లో నేనూ పర్లేదనే అన్నా. లే, వీధిలోకి పో."

"వద్దు. వాడి పెళ్ళి సంగతి. రేపు ఏదన్నా తేడా వస్తే నా వల్లే అంటారు."

"సరే, ఇవాళ్టికి కూర్చో. సూసన్ గారు ఇంకో మనిషి కావాలంది. చదువుకున్న మనిషి. సరుకులు చూసుకోడానికి, ఆ పిల్లల బాగోగులు చూడ్డానికి."

"నేనా? అమ్మ ఒప్పుకోదు."

"నన్ను ఒప్పుకుందా? ఇంట్లో వంటెవరు చేస్తారని వారం రోజులు మాట్లాడలేదు. బీరువా కింది అరలో నా ఉన్ని దుప్పటుంది. మర్చిపోయొచ్చా. అక్కడ చలిట, నువ్వు తెచ్చుకో."

"ఆలోచించాలి అత్తా."

"ఆలోచించు. ఆ ఫ్యాను కింద కూర్చుని మాత్రం ఆలోచించకు. అక్కడ ఆలోచన రాదు, నిద్రొస్తుంది."

"కారు హారన్ కొట్టింది. వెళ్తున్నారు."

"వెళ్ళనీ."

"వెళ్ళిపోయారు. అత్తా..."

"ఊఁ."

"నేను బయల్దేరితే నాకెవరెదురొస్తారు? కోపంతో అమ్మ బిందె పట్టుకోదు."

"ఎవరూ రాకపోయినా బండి కదుల్తుందే. నిన్న చూసా. రెండు రాత్రులు కళ్ళు మూసుకో. జలంధర్‌లో దిగగానే నీకు మొట్టమొదట కనపడే మొహం నాదే."

"మరి ఝాన్సీలో దిగిపోతానన్నావు?"

"నేను దిగిపోతే అక్కడ నీకెవరే ఎదురొచ్చేది?"