ఊరికే ఆగిపోయే పెట్టె

రియాద్‌లో శుక్రవారం మధ్యాహ్నం. చీఫ్ ఇంజనీరు హరనాథ్ గారు ఆఫీసు లిథియం బ్యాటరీ పెట్టెను హాలు మధ్యలో పెట్టుకుని, ముదీర్‌కి, అంటే తన మేనేజరుకి, ఫోన్ కలుపుతున్నారు. భార్య కాత్యాయని వంటింటి గుమ్మంలో ఉంది.

“మళ్ళీ ఎంగేజే. ఇంతసేపు ఎవరితో మాట్లాడుతున్నాడో.”

“కాసేపాగి చేయండి. ఇంతకీ ముదీర్‌కి ఏం చెబుతారు?”

“సాయంత్రం ఎడారిలో గుడారం వేస్తున్నాడు. దీపాలకి ఈ పెట్టె కావాలి. ఇది ఆగిపోతోందంటే, తప్పు ఎవరిదో పేరు చెప్పమన్నాడు.”

“కారణం అడగలేదా?”

“కారణాలు ఆయనకి అర్థం కావు. పేరైతే అర్థమవుతుంది.”

“ఎవరి పేరు?”

“ధీరజ్‌ది. మా టెక్నీషియన్. లోపల వైర్లకి అతుకులు వేసింది వాడేగా.”

“చెబితే?”

“ఏముంది, వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేస్తారు.”

“అతుకు ఊడడం మీరు చూశారా?”

“చూడక్కర్లేదు. సెల్స్ అన్నీ కొలిచాను, సమానంగా ఉన్నాయి. చార్జి నిండుగా ఉంది, వేడెక్కడం లేదు. బల్బు పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే వెలుగుతూనే ఉంటుంది. అలా బజారుకెళ్ళి వచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది. రక్షణ కోసం పెట్టిన బోర్డు ఊరికే కట్ చేస్తోంది.”

“ఊరికే ఎందుకు చేస్తుంది?”

“అదే కదా నేననేది. ఎక్కువ కరెంటు లాగితే కట్ చేయాలి. ఒక్క బల్బు ఎంత లాగుతుంది?”

“బల్బు ఒక్కటే అయితే...”

“ఒక్కటే అయితే అంటే?”

“ఏం లేదు. కాఫీ పెట్టనా?”

“కాత్యాయనీ.”

“పోనీ, టీ?”

“నేను లేనప్పుడు దీనికి ఏం తగిలించావు?”

“గ్రైండర్.”

“ఏంటీ?”

“గ్రైండరండీ. మన వంటింట్లో ప్లగ్గులన్నీ నూటపది వోల్టులవి. అది ఇండియా నుంచి మోసుకొచ్చిన రెండొందల ఇరవై గ్రైండర్. మీ పెట్టెకి రెండొందల ఇరవై ప్లగ్గు కనిపించింది.”

“కనిపిస్తే పెట్టేస్తావా?”

“దీనికి ఏం తగిలించినా ఆగదు, డిజైన్ నాది అని మొన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పలేదూ?”

“మాటవరసకన్నాను.”

“నేను నిజమనుకున్నాను. ఖాళీగా బాగానే తిరిగింది. పప్పు వేశాక గుర్రుమని ఆగిపోయింది, బల్బూ ఆరిపోయింది. భయమేసి ప్లగ్గు పీకేశాను.”

“అంటే బోర్డు దాని పని అది చేసింది. మోటారు అంత లాగినా కట్ చేయకపోతే పెట్టె తగలబడేది.”

“హమ్మయ్య. ఆ మాటే ముదీర్‌కి చెప్పండి.”

“ఏమని? చీఫ్ ఇంజనీరు పెళ్ళాం కంపెనీ పెట్టె మీద ఇడ్లీ పిండి రుబ్బిందనా? నా పరువేం కాను?”

“మరి ధీరజ్?”

“చిన్నవాడు. ఎక్కడైనా బతుకుతాడు.”

“మొన్ననే పెళ్ళాన్ని తెచ్చుకున్నాడండీ. రిషిత ఇంకా సామాన్లు కూడా సర్దుకోలేదు.”

“సర్దుకోకపోవడమే మంచిదైంది. చూడు, నాకూ బాధగానే ఉంది. ఎయిర్‌పోర్టుకి నేనే దిగబెడతాను. దారిలో తినడానికి నువ్వు నాలుగు ఇడ్లీలు కట్టివ్వు.”

“ఇదే మీ ఆఖరి మాటా?”

“అంతే. ఉండు, మళ్ళీ ఫోన్ చేస్తాను. ఈసారి కలుస్తుంది.”

“అక్కర్లేదండీ. గ్రైండర్ సంగతి పొద్దున్నే ధీరజ్‌కి చెప్పేశాను. ముదీర్‌ని వెంటబెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. కాస్త పప్పు మిగిల్చి ఉంచమన్నాడు, ఆయన ఎదురుగా రుబ్బి చూపించాలట.”