పక్కింటాయన

యూనివర్సిటీలో మొదటి ఏడాది మాక్రో ఎకనామిక్స్ క్లాసు అప్పుడే వదిలారు. వరండాలో ఒకాయన క్యాలిక్యులేటర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. బయటికి వస్తున్న కూతురు అతన్ని చూసి ఆగిపోయింది.

"నాన్నా! ఎప్పుడొచ్చావు?"

"ఇది ఇంట్లో మర్చిపోయావు కదమ్మా. నువ్వు లేచి ఏదో చెబుతుంటే పిలవబుద్ధి కాక తలుపు దగ్గరే ఉండిపోయా."

"విన్నావా?"

"విన్నా. ఉద్యోగం పోయిన పక్కింటాయన గురించి. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, పని వెతుక్కోడానికని బయల్దేరి, సాయంత్రం దాకా ఆసుపత్రి హాల్లో కూర్చుంటాడని. అక్కడైతే ఎందుకొచ్చావని ఎవరూ అడగరని."

"సార్ ఉదాహరణ అడిగారు నాన్నా. నోరు జారాను."

"తర్వాత ఆయనేమన్నారు? అందరూ నవ్వుతుంటే వినపడలేదు."

"పని వెతకడం మానేసినవాళ్ళు సర్కారు లెక్కలో నిరుద్యోగుల కిందికి రారన్నారు."

"బాగుంది. నేను నిరుద్యోగిని కూడా కాదన్నమాట."

"అలా అనకు నాన్నా. సిగ్గుతో చచ్చిపోతున్నా."

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదులే. నా వెనకాలే వచ్చి చూశావా?"

"నేను కాదు. అమ్మ చూసింది."

"అమ్మకి తెలుసా? రోజూ క్యారేజీ చేతికిచ్చి, ఇవాళ తప్పకుండా దొరుకుతుందిలెండి అంటుందే!"

"పోయిన నెల మోకాలు చూపించుకోడానికి అక్కడికే వచ్చింది. నీ కంట పడకూడదని, చూపించుకోకుండానే తిరిగొచ్చేసింది."

"మరి తర్వాతైనా వెళ్ళలేదా? ఇంకా కుంటుతూనే ఉందే!"

"ఎలా వెళ్తుంది నాన్నా? నువ్వు రోజూ అక్కడే ఉంటావుగా."