బెంజీనన్న కనిపెట్టిన మాలిక్యూల్

కాలేజీ గేటుకి ఎదురుగా టీ కొట్టు. రెండింటికి ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష. ఇంకా గంట టైముంది. ఫస్టియర్ వాళ్ళం ముగ్గురం పుస్తకాల్లో తలలు దూర్చి కూర్చున్నాం. అదే పరీక్ష నాలుగోసారి రాయబోతున్న బెంజీనన్న మాత్రం నోట్సు మూసేసి కాలు మీద కాలేసుకున్నాడు. ఈసారీ పోతే కాలేజీ వాళ్ళు పేరు కొట్టేస్తారు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

"ఏంట్రా, భయమేస్తోందా? భయం సంగతి నన్నడగండి. ఈ కాలేజీ పుట్టాక నేను ఫెయిలైనట్టు ఇంకెవడైనా ఫెయిలయ్యాడా? మొదటిసారి తొమ్మిది మార్కులొచ్చాయి. తొమ్మిదే కదా అని తీసిపారెయ్యకండి, ఆ తొమ్మిది కోసం ఆరు వారాలు బెంజీన్ రింగులు గీశాను, గీసి గీసి చివరికి గుండ్రటి కంచంలో అన్నం సయించక, ఆరు మూలల కంచం కావాలని అమ్మతో గొడవపెట్టుకున్నాను. తెప్పించింది కూడా పాపం!"

"ఆరు మూలల కంచమా?" అన్నాడు మాలో పొడుగోడు.

"మరి! మూల విడిచి మూలకి కూర వేసుకునేవాణ్ణి, డబుల్ బాండ్ ఉన్నచోట రెండు గరిటెలు. ఇక రెండోసారి ల్యాబ్. అందరి ఫ్లాస్కుల్లోనూ క్రిస్టల్స్ తెల్లగా మెరుస్తున్నాయి, నా దాంట్లో ఉత్త నీళ్ళలా ఉంది. గాజుకడ్డీతో లోపల గీకు, అవే వస్తాయి అన్నారు మేడమ్. గీకాను. రాలేదు. కసికొద్దీ గీకాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఫ్లాస్కు పగిలింది," అన్నాడు టీ కొట్టు బాబాయ్.

"వచ్చాయి బాబాయ్! మొదలుపెట్టాక ఇక ఆగవే! ఫ్లాస్కు నిండి, సింకు నిండి, బల్లలెక్కి, మేడమ్ నడుందాకా వచ్చేశాయి, ఆవిడ కదల్లేక అలా నిలబడే హాజరు తీసుకున్నారు, ఫైరింజను వాళ్ళొచ్చి గడ్డపారలతో తవ్వితే గానీ బయటపడలేదు. నేను క్రిస్టల్స్ వెనకాల్నించి ప్రెజెంట్ అన్నాను, వినపడలేదట. ప్రాక్టికల్స్ పోయాయి."

మా కళ్ళజోడు పిల్ల పకపకా నవ్వింది. అన్న నవ్వలేదు.

"మా నాన్న ముప్ఫై ఏళ్ళుగా మందుల షాపులో సీసాలందిస్తున్నాడు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతాడు, ఈ సీసాల్లోది ఎలా తయారవుతుందో మావాడు చదువుతున్నాడండీ అని. రెండుసార్లు పోయిందని తెలుసు ఆయనకి. మూడోసారి చెప్పలేకపోయాను. పాసయ్యానన్నాను." టీ గ్లాసు పక్కకి నెట్టాడు, కొంచెం ఒలికింది. "సరే, అదొదిలెయ్యండి. ఆ మూడోసారి సంగతే అసలు కథ. ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బాణాలు గీస్తున్నానా, ఆ ఎలక్ట్రాన్లు కాస్తా కాగితం మీంచి లేచి ఫ్యాన్లోకి దూరిపోయాయి, కరెంటు లేకుండా మూడు రోజులు తిరిగిందది! చివర్న నేనో మాలిక్యూల్ వేశాను. దిద్దే ప్రొఫెసర్ దాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడట. దేశదేశాలకీ ఫోన్లు చేశాడట, మీ దగ్గరుందా, మీ దగ్గరుందా అని. ఎక్కడా లేదు! వెతుక్కుంటూ మా ఇంటికొచ్చి, బాబూ, నలభై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఇలాంటిది సృష్టిలోనే లేదు, దీనికి మార్కులెయ్యడానికి నేనెంతవాణ్ణి అని బావురుమన్నాడు. అందుకే సున్నా పెట్టాడు!"

"ఏదీ అన్నా, ఒకసారి వేసి చూపించు," అంది కళ్ళజోడు పిల్ల.

ఒలికిన టీలో వేలు ముంచి బల్లమీద చకచకా గీశాడు. ఆ పిల్ల ముందుకి వంగింది. పెన్ను మొనతో ఒక్కొక్క గీతే లెక్కపెట్టింది.

"అన్నా, ఈ కార్బన్‌కి ఐదు బాండ్లున్నాయి. నాలుగే కదా ఉండాల్సింది? ఓహెచ్ తగిలించినప్పుడు ఒక హైడ్రోజన్ తీసెయ్యాలి. నువ్వు ఉంచేశావు."

మాలో ఎవరికీ నవ్వు రాలేదు. అన్న లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. నోట్సు తెరిచి ఒక పేజీ చూశాడు, ఇంకోటి చూశాడు, ఆ తర్వాత గబగబా తిప్పుకుంటూ పోయాడు. ఏ పేజీలో చూసినా ఐదే.

"మూడేళ్ళు చెల్లీ," అన్నాడు. "ఒక్కరోజు మానకుండా ఇదే చదివాను. నాకు బుర్ర లేదేమో అనుకున్నాను గానీ, చదివిందే తప్పని అనుకోలేదు. ఈ గంటలో ఎన్నని దిద్దుకోను?"

ఆ పిల్ల పెన్నుకి మూత పెట్టింది.

"ఇంతమంది మధ్య తిరిగాను, ఒక్కడు చెప్పలేదే నాకు!" అన్నాడు అన్న బాబాయ్ వైపు తిరిగి.

బాబాయ్ గుడ్డ తీసుకుని బల్ల దగ్గరికొచ్చాడు. తుడవబోయి ఆగాడు.

"చెప్పడానికి సందిచ్చావా నాయనా? మూడేళ్ళుగా నువ్వు చెబుతూనే ఉన్నావు, మేం వింటూనే ఉన్నాం."