ఆఖరి రీలు ముందుగా ఆడిన మ్యాట్నీ

అరవై దాటినాక అక్షరాలు దిద్దినదాన్ని. మెల్లగా రాస్తాను, తప్పులుంటే సర్దుకొని చదవండి.

డెబ్బై తొమ్మిదిలో, ఆదోని టాకీసులో మ్యాట్నీ. ఆడవాళ్ళ నేలకు, మగవాళ్ళ నేలకు నడుమ పొట్టి గోడ. ఇంటర్వెల్లో ఒక పడుచుపిల్ల, పక్కన ఆమె పిన్నమ్మ.

“ఈ సినిమాలో పెండ్లాన్ని సంపినోడు మొగుడేనని తెలిసిపాయె. మళ్ళా మళ్ళా యేం సూస్తావే?”

“సినిమాలో అయితే దొరుకుతాడు పిన్నమ్మా. మా అక్కను బాయిలోకి తోసినోడు దొరికినాడా?”

“మెల్లగా! కాలు జారిందని పెద్దమనుషులే సెప్పిరి. అక్క పోతే సెల్లెల్ని ఇచ్చేది మన ఆచారం. తాంబూలం కూడా తీసుకుంటిమి.”

“గోడ అవతల సూడు, బావ. ఈ సినిమాకు నేను వచ్చినప్పుడల్లా ఆడనే ఉంటాడు. మొగుడికి బేడీలేసే ఆఖరి రీలు రాకముందే లేసిపోతాడు.”

“బీడీకి పోతాడేమో.”

“ఈపొద్దు నువ్వే సూడు.”

దీపాలారినాయి. తెర మీద బావి, పోలీసులు, బేడీలు.

“ఇదేందే, అప్పుడే ఆఖరా?”

“ఎమ్మిగనూరు టాకీసుకు పోయొచ్చిన రీళ్ళ డబ్బాలు కలగలిసినట్టుండాయి. బావకు లేసే యాళ లేకపాయె. సూడు!”

పిన్నమ్మ చూసింది. జనమంతా ఆపరేటరును తిడుతూ ఈలలేస్తున్నారు. గోడ అవతల బావ ఒక్కడే టవలు మొహానికి అదుముకొని వణుకుతున్నాడు.

పిన్నమ్మ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“లేయే.”

“యాడికి?”

“తాంబూలం వాపసిచ్చేకి. ఆడినుంచి పోలీసుల కాడికి.”

— ఉరుకుందమ్మ, ఆనాటి పడుచుపిల్ల, అరవై ఎనిమిదేండ్లు, ఇప్పుడు ఉండేది గోనెగండ్ల.