ఆపితే బిల్లు అడుగుతారు

అధ్యక్షస్థానంలో ఉన్న జనరల్ మేనేజర్ గారికి, ఆయన కుడిపక్కన చెవిమిషన్ సరిచేసుకుంటున్న మన పాత మేనేజర్ గారికి, పొయ్యిలు తగ్గించి వచ్చిన వంటింటి పెద్దలకు, ఫోన్ల దగ్గర ఒకరిని కాపలా పెట్టి వచ్చిన రిసెప్షన్ వాళ్ళకు, లాండ్రీకి, లిఫ్టులకు, బార్‌కు, మొదటి వరుసలో కూర్చుని నేను ఎక్కడ నోరు జారతానా అని చూస్తున్న మా ఆవిడకు, ఆమె పక్కనే ఉన్న మా అమ్మాయికి నమస్కారం.

నాకు ముందు మాట్లాడినవాళ్ళు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఇంత మంచి మాటలు రావాలంటే మామూలుగా మనిషి పోవాలి, నేను బతికుండగానే విన్నాను గనక నాకు లాభమే. (నవ్వులు) మీరిచ్చిన ఫొటో కూడా బాగుంది. ఇందులో పియానో చక్కగా పడింది, నాది వీపు మాత్రమే పడింది. తప్పులేదు, ఈ హోటల్ లాంజిలో నేను పియానో వాయిస్తుంటే మీరంతా నన్ను చూసింది అటునుంచే. నేను మాత్రం మిమ్మల్ని ఎదురుగానే చూశాను. ఎలాగంటారా, పియానో ముందుచెక్క నల్లగా అద్దంలా మెరుస్తుంది, రోజూ తుడిచి దాన్ని అలా ఉంచింది మన హౌస్‌కీపింగ్ అక్కగారు, కాబట్టి ఆ పాపంలో ఆవిడకీ వాటా ఉంది. ఎవరు ఏ మూల కూర్చుని పెళ్ళి మాటలు మాట్లాడుకున్నారో, తర్వాత అదే మూల ఎవరు లాయర్లతో వచ్చి కూర్చున్నారో, బార్ బాబాయ్ ఎవరి గ్లాసులో సోడా ఎక్కువ పోశాడో, అంతా ఆ చెక్కలో చూశాను. కంగారుపడకు బాబాయ్, చెప్పను. (నవ్వులు)

నేను ఈ ఉద్యోగంలో చేరిన రోజు పాత మేనేజర్ గారు నాకు ఒకే ఒక్క మాట చెప్పారు. అయ్యా, మీకు గుర్తుందో లేదో. (ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.) పరవాలేదండి, మంచిగానే చెబుతున్నాను. 'ఏది వాయిస్తావో నీ ఇష్టం, ఆపకు మాత్రం. నువ్వు ఆపితే జనం వాచీలు చూసుకుంటారు, వాచీ చూసుకున్నవాడు బిల్లు అడుగుతాడు' అన్నారు. నా ఉద్యోగధర్మం అంతా ఆ మాటలోనే ఉంది. పాటకీ పాటకీ మధ్య సందు లేకుండా, ఎడమచెయ్యి నడుస్తూనే ఉండేలా, కుడికాలితో పెడల్ నొక్కిపట్టి స్వరం మీద స్వరం పొర్లేలా వాయించడం నేర్చుకున్నాను. తుమ్ము వస్తే ఎడమచేత్తో వాయిస్తూ కుడిచేత్తో రుమాలు తీసేవాణ్ణి. ఎవరైనా విన్నారా అంటే, వినకపోవడమే ఇక్కడి పద్ధతి. 'కొంచెం మెల్లగా' అన్నది ఒక్కటే నాకు శ్రోతల నుంచి అందిన విమర్శ, అది కూడా ఎక్కువగా ఇప్పటి అధ్యక్షులవారే అన్నారు. (నవ్వులు) దానికి నేను బాధపడ్డానని అనుకోకండి. ఫ్యాను తిరుగుతోందని ఎవరూ మెచ్చుకోరు, ఆగితేనే తల పైకెత్తుతారు.

లాంజిని మార్చేస్తారని, ఈ గోడ పడగొట్టి ఆ మూల కాఫీ యంత్రాలు పెడతారని, పియానోకి చోటు ఉండదని నాకు చాలా ముందే చెప్పారు, అది వాళ్ళ మంచితనం. ఆరోజు ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, 'అయితే ఇక నేను గిన్నెలు తోముతుంటే వెనకాల సంగీతం వేస్తారా' అంది. నవ్వుతూనే అంది. వాయించడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఇంట్లో పియానో లేదు, పెడదామన్నా మంచం బయట వెయ్యాలి. ఈ హోటల్ తర్వాత నేను ఎక్కడ కూర్చుని వాయించాలి అన్న భయం అప్పుడు పట్టుకుంది, నిన్నటిదాకా వదల్లేదు.

మా అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మన హోటల్ లిఫ్టులు కావు, అవి బాగుపడేవి కావు. (నవ్వులు) శనివారాలు మాత్రం ఒక టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో డ్రమ్స్ వాయిస్తాడు. రాక్, బ్లూస్ అంటూ ఇంగ్లీషు పాటలు వాయించే చిన్న బృందం వాళ్ళది. గిటారు పట్టుకుని పాడేది ఒక పళ్ళ డాక్టరు, అడుగు స్వరాలు పలికే బేస్ గిటారు వాయించేది స్కూలు బస్సు డ్రైవరు. కరెంటుతో మోగే పెద్ద ఆర్గన్ వాయించే ఆయనకి బదిలీ అయింది, ఆర్గన్‌కి కాలేదు, ఎందుకంటే దాన్ని నలుగురు పట్టినా లేవదు. 'నాన్నా, నీకు పియానో వచ్చుగా, అదీ ఇదీ ఒకటేగా' అని మా అమ్మాయి అంది. నేనూ అలాగే అనుకున్నాను. అవే నల్ల మీటలు, అవే తెల్ల మీటలు, జీవితమంతా వాయించినవాడికి ఇదో లెక్కా అనుకుని వెళ్ళాను.

వెళ్ళి కూర్చోగానే నా కుడికాలు నన్ను అడక్కుండానే కింద ఉన్న పెడల్ మీదికి వెళ్ళింది. పియానోలో ఆ చోట ఉండే పెడల్ స్వరాన్ని సాగదీస్తుంది, ఆర్గన్‌లో అక్కడున్నది చప్పుడు పెంచే పెడల్. ఆ సంగతి నాకు తెలుసు, నా కాలికి తెలియదు. స్వరం మారినప్పుడల్లా అలవాటుగా నొక్కి వదలడం, నొక్కగానే ఆర్గన్ గర్జించడం, వదలగానే గొంతు పట్టేసినట్టు అణిగిపోవడం. షెడ్డు రేకులు అదిరాయి. ముందు కొట్లో టైరు ఊడదీస్తున్న మనిషి చేతిలో పానాతోనే వచ్చి తొంగిచూశాడు. పాట అయ్యాక డాక్టరుగారు 'చాలా బాగుందండీ' అన్నారు. డ్రైవరుగారు 'అనుభవం అనుభవమేనండి' అన్నారు. మా అల్లుడు 'మామయ్యగారికి మంచినీళ్ళు తెస్తాను' అని వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా అల్లుడు నన్ను పల్లెత్తు మాట అనడు, అతని నోట రాదు. మేమిద్దరం కలిస్తే ట్రాఫిక్ గురించి, అది అయిపోతే వాన గురించి మాట్లాడుకుంటాం. అందుకని షెడ్డులో నాతో అనవలసినవన్నీ అతను ఇంటికెళ్ళి మా అమ్మాయితో అనేవాడు, ఆమె ఆదివారం మా ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ నాకు వినిపించేది. అవునా అమ్మలూ? (నవ్వులు) 'నాన్నా, కాలు కాస్త కుదురుగా ఉంచితే బాగుంటుందేమో అంటున్నారు.' పై ఆదివారం, 'మీటలు అంత బలంగా కొట్టక్కర్లేదంటున్నారు, ఎంత కొట్టినా అంతే మోగుతుందట.' ఇంకోసారి, 'నీ ఎడమచెయ్యి అడుగు స్వరాల్లోకి వస్తే డ్రైవరుగారు తను ఎక్కడ వాయించాలో తెలియక చూస్తున్నారట.' డాక్టరుగారి మాట కూడా ఆమె ద్వారానే వచ్చింది: 'ఆయన తప్పులు చెయ్యరు, అదే ఇబ్బంది.' రాయబారం మీద రాయబారం నడిచింది, షెడ్డులో మాత్రం ప్రతి శనివారం 'చాలా బాగుందండీ' అనే మాటే.

నేర్చుకున్నాను. ఈ వయసులో బుర్రకి చెప్పుకోవచ్చు గాని కాలికి చెప్పడం కష్టం. ఆర్గన్‌కి తగిలించిన స్పీకరు పెట్టెలో బాకా లాంటి కొమ్ము ఒకటి గిర్రున తిరుగుతూ స్వరాన్ని ఊపుతూ ఉంటుంది, మెల్లగా తిప్పొచ్చు, వేగంగా తిప్పొచ్చు, మొదట్లో నేను దాన్ని ఎప్పుడూ వేగం మీదే ఉంచి అందరికీ కళ్ళు తిరిగేలా చేశాను. అరచెయ్యి వేసి మీటలన్నిటినీ బల్ల తుడిచినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచెయ్యడం వచ్చింది, చిన్నప్పుడు మణికట్టు దిగిందని స్కేలుతో కొట్టిన మా మాస్టారు చూస్తే ఏమయ్యేవారో. అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడింది వేరే ఉంది. పియానోలో స్వరం కొట్టిన క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది, దాన్ని ఎప్పుడు పంపాలా అన్న బెంగ మనకి అక్కర్లేదు, అదే పోతుంది. ఆర్గన్‌లో వేలు తీసేదాకా అది అలాగే ఉంటుంది, సెలవులకొచ్చిన చుట్టంలా, మనం లేస్తే గాని లేవదు. అంటే మనసంతా వేలు పెట్టడం మీద కాదు, తియ్యడం మీద ఉండాలి. తియ్యడం నాకు ఎవరూ నేర్పలేదు, పైగా ఆపకు అని చెప్పారు. (పాత మేనేజర్ గారు తల ఊపారు.) వినపడిందాండీ? సంతోషం.

ఈలోగా ఒక సంగతి నా చెవిన పడింది. డాక్టరుగారి ఆస్పత్రిలో కొత్తగా చేరిన అమ్మాయి ఆర్గన్ బాగా వాయిస్తుందట, శనివారాలు ఖాళీయేనట. ఆరోజు మా అమ్మాయిని సూటిగానే అడిగాను, 'నన్ను మామగారినని భరిస్తున్నారా, వాయిస్తానని ఉంచుకున్నారా?' ఆమె కత్తి పక్కన పెట్టి, 'అది నాకు చెప్పలేదు నాన్నా, నువ్వే అడుగు' అంది. నేను అడగలేదు. అడిగితే మా అల్లుడు 'ఎంతమాట మామయ్యగారూ' అంటాడు, అందులో ఏముందని. ఇక్కడ ఎవరూ వినకపోయినా సర్దుకున్నాను, అది ఉద్యోగం. అక్కడ మొహమాటం మీద కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు.

కిందటి నెల మా అమ్మాయి ఆఫీసు పని మీద ఊరెళ్ళింది, రాయబారి లేదు. ఆ శనివారం నిదానంగా సాగే బ్లూస్ ఒకటి మొదలుపెట్టాం. అందులో డాక్టరుగారు ఒక వరస పాడి ఆగుతారు, ఆగినచోట ఆయన గిటారే ఆయనకి జవాబు చెప్పాలి. నేను ఆయన ఆగిన ప్రతిచోటా దూరి నింపేశాను, రెండు చేతులతో, అడుగు నుంచి పైదాకా. మూడోసారికి మా అల్లుడు డ్రమ్ము కర్రలు ఒళ్ళో పెట్టేసుకున్నాడు. అందరూ ఆగారు. నేను అలవాటు కొద్దీ ఇంకాస్త వాయించి, అప్పుడు ఆగాను.

'మామయ్యగారూ, మీరు ఇంకా హోటల్లోనే వాయిస్తున్నారు' అన్నాడు. గొంతు పెంచలేదు. 'అక్కడ ఎవరూ వినరు గనక ఆగకుండా వాయించాలి. ఇక్కడ మేం వింటున్నాం. కాస్త ఆగండి.'

(విరామం)

డాక్టరుగారు చేతిలోనే ఉన్న, గిటారు మీటే బిళ్ళ కోసం కుర్చీ కింద వెతకడం మొదలుపెట్టారు. డ్రైవరుగారు తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు. నాకు కోపం వచ్చింది, దాచను. పిల్లనిచ్చినవాణ్ణి, అతను పుట్టకముందు నుంచీ వాయిస్తున్నవాణ్ణి. లేచి వెళ్ళిపోదామనే అనుకున్నాను, కాని ఆర్గన్ బల్ల మీంచి లేవాలంటే పక్కకి జరగాలి, ఆ పక్కన అతని పెద్ద డ్రమ్ము అడ్డం. (నవ్వులు) జరగాలా వద్దా అనుకునేలోపు ఆ మాట నాలోకి దిగింది. ఇక్కడ మేం వింటున్నాం. ఇంతకాలంలో నాతో ఈ మాట అన్నవాళ్ళు లేరు. మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, ఇందాక మీరూ మెచ్చుకున్నారు, కృతజ్ఞుణ్ణి. విని వద్దన్నవాడు మాత్రం ఇతనే.

ఎడమచేతిని తొడ కింద పెట్టుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టారు. డాక్టరుగారు పాడినంతసేపూ కుడిచేత్తో ఒకే ఒక్క స్వరం పట్టుకుని ఉన్నాను, ఆయన వరస ముగిసేచోట వేలు తీశాను. ఆ ఖాళీలో రేకుల మీద ఏదో పిట్ట నడుస్తున్న చప్పుడు వినపడింది. అప్పుడు గిటారు వచ్చింది. పాట అయ్యాక ఎవరూ 'చాలా బాగుందండీ' అనలేదు. డ్రైవరుగారు 'రెండోది అందుకుందామా' అన్నారు, అంతే. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, 'అల్లుడు మందలించాడని ఇంత సంబరపడే మామని మిమ్మల్నే చూశాను' అంది.

అయినా తేలవలసింది తేలలేదు. మందలించడం వేరు, ఉంచుకోవడం వేరు. ఆస్పత్రి అమ్మాయి ఇంకా శనివారాలు ఖాళీగానే ఉంది. మొహమాటం ఎలాగూ తెగింది గనక ఇక ఆమెనే పిలుస్తారేమో అనుకుంటూ ఈ ఆఖరి వారాలు గడిపాను. మీరు ఈ సభ గురించి గుసగుసలాడుకుంటుంటే పరధ్యానంగా ఉన్నది అందుకే, సన్మానం గురించి తెలియక కాదు, అదీ చెక్కలో కనిపించింది.

నిన్న ఫోను వచ్చింది. మా అమ్మాయి కాదు, మా అల్లుడే చేశాడు. పెళ్ళయినప్పటి నుంచి అతను నాకు నేరుగా ఫోను చేసింది ఒక్కసారే, తను బాగుచేస్తున్న లిఫ్టులో తనే ఇరుక్కున్నప్పుడు. (నవ్వులు) 'రేపు మీ సన్మానం ఎన్నింటికి అయిపోతుంది?' అన్నాడు. ఏముంది, నలుగురు మాట్లాడతారు, తర్వాత భోజనాలు అన్నాను. 'భోజనం షెడ్డులో చేద్దురుగాని. వచ్చేవారం ప్రోగ్రాం ఉంది కదా, ఆ నిదానం పాటలో మీ భాగం ఇంకా కుదరలేదు. నేనే వచ్చి తీసుకెళ్తాను, ఆలస్యం చెయ్యకండి' అన్నాడు. సన్మానానికి శుభాకాంక్షలు చెప్పడం మర్చిపోయాడు. ఆస్పత్రి అమ్మాయి మాటే ఎత్తలేదు.

భోజనాలు వడ్డిస్తుండగా ఈ పియానో మీద ఆఖరిసారి ఏదైనా వాయించమని జనరల్ మేనేజర్ గారు అడిగారు. ఒక్కటి వాయిస్తాను. మధ్యమధ్యలో ఆగుతాను. అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి, బిల్లూ అడక్కండి. వినాలని లేనివాళ్ళు మాట్లాడుకోవచ్చు, నాకు అలవాటే. పాత మేనేజర్ గారు పెద్ద మనసుతో క్షమించాలి. ఈ పియానోని ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళేచోట రోజూ ఎవరైనా తుడుస్తారా అని పొద్దున అడిగాను, తెలియదన్నారు. ఈ పియానో అంటే నాకు ప్రాణం. ఆ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, ఇవాళ తప్ప ఇంకెప్పుడూ అనే వీలుండదు గనక అంటున్నాను.

(పియానో వైపు తిరిగి కూర్చున్నారు.) తలుపు దగ్గర కారు తాళాలు పట్టుకుని నిలబడ్డవాడే మా అల్లుడు. ఎవరూ అటు తిరక్కండి, సిగ్గుపడతాడు. నాకు ఇక్కణ్ణుంచే చెక్కలో కనిపిస్తున్నాడు, వాచీ చూసుకుంటున్నాడు. ఈ చెక్కలో వాచీ చూసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను, అందరూ తాము వెళ్ళిపోవడానికి చూసుకున్నవాళ్ళే. నన్ను తీసుకెళ్ళడానికి చూసుకుంటున్నవాడు ఇతనొక్కడే. అతన్ని నిలబెట్టడం బాగుండదు. మీరంతా నన్ను ఇంతకాలం మీ మధ్య కూర్చోనిచ్చారు, అందుకు పేరుపేరునా కృతజ్ఞతలు. సెలవు.