గడ్డం దొర నొసట బొట్టు

1956, వ్యాసర్పాడి. చర్చి వెనక పిల్లలకు పాలపొడి కలిపి పోసే షెడ్డు. అండా తోముతున్న చెంగమ్మ, చర్చి పెద్ద, అంటే ఎల్డరు, జ్ఞానప్రకాశం.

"అదంతా వద్దు చెంగమ్మా. దొర నొసట బొట్టు పెట్టిందెవురు?"

"ఏ దొరకి?"

"ఈడ ఎంతమంది దొరలుండారు? గోడ మీద పటంలో గడ్డం దొర! మన గుడి కట్టించిన పాదిరి! కనకాంబరం మాల వేరే!"

"బాగుండాది గదా ఎల్డరయ్యా. మొగం కళగా..."

"కళా? రేపు గుడి పండగకి స్కాట్లండు నించి దొరసాని వస్తా ఉండాది. పాలపొడి పంపించేది వాళ్ళే. మనది ప్రెస్బిటేరియన్ గుడి. పటాలకి మొక్కేది లేదు. ఇది చూసిందంటే పాలు నిలిచిపోతాయి."

"అయ్యయ్యో! పిల్లకాయల పాలా?"

"ఆఁ. అందుకే తుడిచెయ్."

"నా వల్ల కాదు సామీ. ఎనబై ఏండ్ల కింద ధాత కరువులో ఈ తావులోనే దొర గంజి కాచి పోసినాడంట. ఏ కులం, ఏ దేవుడు అని అడక్కుండా తనే గరిటె పట్టినాడంట. ఆ గంజి తాగే మా అవ్వ బతికింది. నాకు చెయ్యి రాదు."

"అయితే పెట్టింది నువ్వే!"

"నేనా? నేనైతే టెంకాయ కూడా కొట్టేదాన్ని."

"నవ్వొద్దు! పాలకొచ్చే మంగనా? మునియక్కనా?"

"పాలకొచ్చేవాళ్ళు వాకిట్లోనే గదా నిలబడేది."

"చెప్పవా? అయితే రేపట్నించి నువ్వు రావద్దు. బొట్టు పెట్టినోళ్ళూ ఈడ కాలు పెట్టకూడదు. ఎవురైనా సరే."

"ఎవురైనా సరేనా?"

"ఎవురైనా! ఎల్డరుగా చెప్తా ఉండా."

"అబ్బో! రెండు తడవలు ఓడిపోయి, పోయిన నెలే గదా గెలిచినారు..."

"అదిప్పుడెందుకు? జనం నన్ను నమ్మి ఓటేసినారు."

"సరి సరి. షెడ్డు తాళంచెవి రాత్రిపూట ఎవురింట్లో ఉంటుందయ్యా?"

"మా ఇంట్లో, గూట్లో. బయటోళ్ళెవరూ తీసే పనే లేదు."

"అదే గదా. బయటోళ్ళు తీసే పనే లేదు."

"...ఏమంటా ఉండావు?"

"నేనేమన్నాను? సుమ్మా, ఊరికే వదిలెయ్యండి సామీ."

"చెప్పు చెంగమ్మా!"

"తంగమ్మక్క."

"మా అమ్మా?"

"ఈ తడవన్నా మావాణ్ణి ఎల్డరు చెయ్యి దొరా, బొట్టు పెట్టి మాలేస్తానని ఈడే మొక్కుకునింది. మీరు గెలిచినారు. తెల్లారేసరికొచ్చి మొక్కు తీర్చేసింది. ఇదిగో తడిగుడ్డ. తుడిచేది మీ ఇష్టం. తుడిస్తే ఎల్డరు పదవి నిలుస్తుందో లేదో, నాకు తెలీదు."

"మా అమ్మ మొక్కా? నా పదవి కోసమా?"

"ఏమయ్యా, గుడ్డ పట్టుకోండి."

"చెంగమ్మా... రేపు నువ్వు పెందలాడే రా. దొరసాని పొయ్యేదాకా ఆ పటానికి అడ్డంగా నిలబడు. ముక్కాలిపీట వేసుకో, పొడుగు చాలదు."