ఇరవై నిమిషాల చీకటి

పంతొమ్మిది వందల తొంభై రెండు, జూలై ఆరో తేదీ, సోమవారం ఉదయం ఆమె ఆసుపత్రి నేలమాళిగలోని నరాల వ్యాధుల ప్రయోగశాలలో టెక్నీషియనుగా చేరారు. అప్పటికి ఆమె వయసు ఇరవై నాలుగు. మెట్లు దిగుతున్నకొద్దీ వెలుతురు పలచబడి, చివరి మెట్టు మీద తన నీడ తనను విడిచిపెట్టినట్టు తోచిందని తర్వాత ఎప్పుడో చెప్పారు. ఈ జూన్ ముప్పయ్యో తేదీన, ముప్పై నాలుగేళ్ళకు ఆరు రోజులు తక్కువగా, అవే మెట్లు ఎక్కి ఆమె పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి పదిహేనేళ్ళూ ఆమె చేతిపని కోత. ఎలుక మెదడును గడ్డకట్టించి, వెంట్రుక మందంలో పదోవంతు ఉండే పొరలుగా కోసి, గాజుపలక మీద ముడత పడకుండా పరచడం. పని నేర్పిన పెద్దాయన, "కత్తిని తొందరపెట్టకు తల్లీ, సర్వీసులో అది నీకంటే సీనియరు" అనేవారు. ఆమె ఆ కత్తికి చివరిదాకా ఆ మర్యాద ఇచ్చారు.

ఆ తర్వాత వైద్యపరిశోధన ఒక కొత్త తలుపు తెరిచింది. ఒంటిని కాపాడవలసిన యాంటీబాడీలే దారితప్పి మెదడును పట్టుకునే వ్యాధి, ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్, ఒక్కొక్క రూపంలో వెలుగులోకి రాసాగింది. నిన్నటిదాకా నవ్వుతూ తిరిగిన మనిషి ఉన్నట్టుండి లేని గొంతులు విని, అయినవాళ్ళను గుర్తుపట్టక, చివరికి మాట కోల్పోతే దానిని మనోవ్యాధి అనుకోవడం సహజం. కాని వెన్నులోంచి తీసిన నీటిని ఆ పలుచని పొర మీద వేసి, రంగు పట్టించి చూస్తే, దోషం ఉన్నచోట లేత ఆకుపచ్చ కాంతి వంపుగా కనబడుతుంది. సకాలంలో కనిపెడితే చాలామందిని వెనక్కి తీసుకురావచ్చు.

ఆ కాంతి మహా బిడియం కలది. అందుకే చూసే ముందు ఇరవై నిమిషాలు కటిక చీకట్లో కూర్చుని కళ్ళను సిద్ధం చేసుకోవాలన్నది ఆమె పెట్టుకున్న నియమం. రోగి పేరు అడగరు, వార్డు అనుమానం వినరు. స్లైడు మీది నంబరే ఆమెకు తెలుస్తుంది. ఆ చీకట్లో కూర్చున్నప్పుడు తన ఆలోచనలు ఒకదాని వెనక ఒకటిగా గది విడిచి వెళ్ళిపోయేవనీ, ఆఖరున తాను కూడా లేచి వెళ్ళినట్టుండేదనీ, మిగిలేది చూపొక్కటేననీ అనేవారు. విభాగమంతా ఆమెను 'చీకటక్క' అని పిలిచింది. ఆమె పలికారు.

పద్నాలుగేళ్ళ కిందటి ఒక శుక్రవారం ఆ నియమం తప్పింది. మైక్రోస్కోపు దీపం చెడి రెండు రోజులు పని ఆగింది. బాగుచేశారన్న కబురు వినగానే ఆమె ఎండలోంచి నేరుగా వచ్చి, పేరుకున్న స్లైడులను వరసగా చూసేశారు. నలభై ఒకటో నంబరు ఎదుట 'లేదు' అని రాశారు. ఆ నంబరు పోస్టాఫీసులో గుమాస్తాగా పనిచేసే ఒక అమ్మాయిది. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల మూడు వారాలుగా మానసిక వార్డులో ఉంది. 'లేదు' అన్న మాటతో, సోమవారం ఆ పిల్లను దీర్ఘకాలిక మనోవ్యాధుల ఆశ్రమానికి పంపడానికి కాగితాలు తయారయ్యాయి. ఇదేదీ చీకటక్కకు తెలియదు.

శనివారం ఆమెకు సెలవు. భోజనం చేసి కాస్త నడుం వాల్చారు. నిద్రకూ మెలకువకూ నడుమ, మూసిన రెప్పల వెనక, ఒక సన్నని పచ్చని వంపు తేలివచ్చి నిలబడింది. అది కలకాదని ఆమెకు తెలిసిపోయింది. కన్ను చూసినదాన్ని మనసు హడావిడిలో అందుకోలేదు. తీరిక దొరికాక కన్నే తెచ్చి ఇస్తోంది. లేచి చెప్పులు వేసుకున్నారు.

"శనివారం కూడానా? ఆ చీకట్లో ఏం పోగొట్టుకున్నావే?" అన్నారు దర్జీపని చేసే ఆమె భర్త, నోట్లో సూది తీయకుండానే.

"పోగొట్టుకోలేదండీ. ఉన్నదాన్ని లేదని రాసొచ్చాను."

"ఎవరిదో ఏమిటో తెలుసా?"

"తెలియదు. అదే భయంగా ఉంది."

ఈసారి ఇరవై నిమిషాలూ కూర్చుని చూశారు. నలభై ఒకటో స్లైడులో ఆ వంపు పొగమంచులో తెల్లవారినట్టు కనిపించింది. అంతటితో నమ్మక, కొత్త పొర కోసి, మిగిలిన నీటితో మూడు గంటలు పరీక్షను తిరిగి చేశారు. అదే కాంతి. రిజిస్టరులో 'లేదు'ను చెరపకుండా ఒక్క అడ్డగీత గీసి, 'ఉంది' అని రాసి, వేళ వేసి సంతకం పెట్టి, ఆ పుస్తకంతోనే పై అంతస్తుకు వెళ్ళారు.

"నిన్ననే రిపోర్టు వచ్చింది కదమ్మా, లేదని" అన్నాడు డ్యూటీ డాక్టరు.

"ఆ 'లేదు' నాదే డాక్టరుగారూ. తప్పు."

ఆయన పేజీ చూసి, గొంతు తగ్గించి, "మిషను తేడా అని రాసుకుందాంలెండి. మీకు మాట రాకుండా" అన్నాడు.

"మిషను నోరులేనిది కదా అని దానిమీద తోస్తామా? నేను కూర్చోవలసినంతసేపు కూర్చోలేదు. అలాగే రాయండి. ముందు ఆ పేషెంటు సంగతి చూడండి."

వరండాలో ఆ పిల్ల తల్లి చేతిలో దువ్వెనతో నిలబడి ఉంది. "కింద లాబ్ నుంచి వచ్చావా అక్కా? మా పిల్లకి పిచ్చి కాదని చెప్పేవాళ్ళు ఒక్కరు లేరా అక్కడ?" అంది. ఫలితం చెప్పే అధికారం ఆమెకు లేదు. "డాక్టరుగారు వస్తున్నారమ్మా. ఇక్కడే ఉండు, ఎక్కడికీ వెళ్ళకు" అని మాత్రం అని, ఆయన వచ్చేదాకా పక్కనే నిలబడ్డారు.

సోమవారం ఆశ్రమం బండి రాలేదు. ఆదివారమే మందు మొదలైంది. ఆరువారాలకు ఆ పిల్ల నోటివెంట వచ్చిన మొదటి నిండు వాక్యం, "అమ్మా, జడ ఇంత వంకరగా వేశావేంటి?" అన్నదని వార్డు నర్సు పరుగున వచ్చి చెప్పింది. చీకటక్క విని, తలూపి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ రోజు ఇరవై నిమిషాలకంటే ఎక్కువే కూర్చున్నారు.

అప్పటినుంచి కొత్తగా చేరిన ప్రతివారికీ ఆమె మొదట చూపేది కత్తిని కాదు, ఆ అడ్డగీత ఉన్న పేజీని. పాత ఫ్రీజరులో 'కారణం తెలియదు' అన్న చీటీతో ఉన్న నమూనాలను తీయించి, కొత్త పరీక్షలతో ఐదేళ్ళపాటు మళ్ళీ చూశారు. పదకొండింటికి జవాబు దొరికింది. అందులో ఏడుగురు అప్పటికే లేరు. ఆ ఏడు పేర్లూ మాత్రం ఆమె అడిగి తెలుసుకున్నారు.

బతికి బయటపడినవారి పేర్లు ఆమెకు తెలియవు, వారికి ఆమె ముఖం తెలియదు. ఈ మధ్యాహ్నం వారిలో ఎవరో బస్సు దొరకలేదని విసుక్కుంటూ ఉంటారు, ఎవరో కూరలో ఉప్పు ఎక్కువైందని సాధిస్తూ ఉంటారు, ఎవరో పిల్లవాడి చేత ఎక్కాలు చెప్పిస్తూ కునికిపాట్లు పడుతుంటారు. తమకు ఏం తిరిగి దక్కిందో గుర్తులేనంత హాయిగా వారు ఎలా ఉన్నారో, అంత మామూలుగా, అంత ఆరోగ్యంగా, తన ఇంట తనవారి మధ్య ఆమె నిండు నూరేళ్ళూ ఉండాలని విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.